భుజం మీది చెయ్యి

మా వైకుంఠానికి మనుషుల మొహాలు గుర్తుండవు. ఇది వాడి మీద కోపంతో అంటున్న మాట కాదు. కోపం వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. చిన్నప్పటి నుంచీ వాడంతే. ఆకు చేతిలో పెడితే కళ్లు మూసుకుని తడిమి ఏ చెట్టుదో చెప్పేవాడు. రోజూ మా గుమ్మంలో నిలబడి పాలు పోసే అంజన్న బజార్లో ఎదురుపడి పలకరిస్తే మాత్రం, “ఎవరక్కా ఆయన?” అని నన్ను అడిగేవాడు. నా పెళ్లయిన కొత్తలో, దబీర్‌పురా స్టేషనులో టికెట్లిచ్చే మా ఆయనకు సద్ది డబ్బా ఇచ్చి రమ్మంటే, పక్క కిటికీలో కూర్చున్న గుమస్తాకు ఇచ్చి వచ్చాడు. ఆ మహానుభావుడూ కిమ్మనకుండా తిని, డబ్బా కడిగి మరీ పంపాడు. మా ఆయన జగన్నాథం నెమ్మదస్తుడు కాబట్టి సరిపోయింది. ఆ పూట రెండు అరటిపళ్లు తిని ఊరుకున్నాడు.

అలాంటివాడికి దొరికిన పని చూడండి, మొహాలు దిద్దే పని.

అమ్మ నా పెళ్లికి ముందే పోయింది. బాపు గుళ్లో ప్రసాదం వంట చేసేవాడు, ఆయన నా పెళ్లయిన రెండేళ్లకు పోయాడు. పోతూ పోతూ తమ్ముణ్ని నా చేతిలో పెట్టాడు. “వాన్ని సదివియ్యి బిడ్డా, పొయ్యి కాడికి తేకు,” అన్నాడు. అందుకని వైకుంఠం మొఘల్‌పురాలో మా ఇంట్లోనే పెరిగాడు. కాలేజీలో చెట్ల చదువు తీసుకున్నాడు. సాయంత్రాలు దబీర్‌పురా దర్వాజా పక్కన ఖుద్దూస్ సాబ్ ఫోటో దుకాణంలో కూర్చునేవాడు.

ఖుద్దూస్ సాబ్‌కు అప్పటికే చేతులు వణుకుతున్నాయి. నెగటివు మీద సన్న పెన్సిలుతో మచ్చలు పోగొట్టడం, మూసుకున్న కళ్లు తెరిపించడం, ఇంటిల్లిపాది ఫోటోలో లేనివాళ్లను తెచ్చి అతికించడం, ఇవన్నీ నెమ్మదిగా వైకుంఠం చేతికి వచ్చాయి. చనిపోయిన తాతను ఏదో పాత ఫోటోలోంచి కత్తిరించి, మనవల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, అతుకు మీద రంగు పూసి, దాన్ని మళ్లీ ఫోటో తీసేవాడు. అప్పుడిక ఆ తాతను పుట్టించిన బ్రహ్మ కూడా తేడా పట్టుకోలేడు. ఎదురుగా నమూనా ఉంటే మా వాడి చేయి బంగారం. నమూనా లేకపోతే ఆ చేతికి ఏమీ రాదు.

ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. పిల్లలు మొదటి చప్పుడుకు అదిరిపోతారు, కళ్లు మూస్తారు, కొందరు ఏడుపు అందుకుంటారు. అందుకని ఖుద్దూస్ సాబ్, పెద్ద కెమెరాలో గాజు పలక ముందుండే మూత తీయకుండానే ఒకసారి టక్కుమనిపించేవాడు. “యే ఝూటీ ఫోటో,” అని పిల్లలను నవ్వించేవాడు. భయం తీరాక మూత తీసి, “అబ్ సచ్చీ,” అంటూ అసలుది తీసేవాడు. నా కూతురు అలివేలును మూడో ఏట అలాగే తీశాడు. మా వైపు సగం మంది పిల్లలు ఆ దొంగ ఫోటోకు నవ్వినవాళ్లే. వైకుంఠానికి ఆ అలవాటు చేతికి పట్టేసింది.

యాభై అయిదులో దసరా సెలవులకు వాళ్ల కాలేజీ సారు వామన్‌రావు, ఆరుగురు విద్యార్థులను పడమటి కనుమల అడవిలోకి తీసుకుపోతానన్నాడు. ఆ నెలంతా వైకుంఠం కాలు ఒకచోట నిలవలేదు.

“అక్కా, ఆడ ఎండ నేల మీద పడదంట. ఒక్క చెట్టు మీద నలభై తీర్ల మొక్కలు మొలుస్తయంట.”

“మరి అన్నమెవరు పెడ్తరంట?”

“గదంత సార్ చూస్కుంటడు.”

“మీ సారు మొహం నీకు యాదికుంటే గదే పదివేలు. తప్పిపోయి ఇంకొకాయన ఎనుక పొయ్యేవు, జర చూస్కో.”

సకినాలు చేసి ఇచ్చాను. కారప్పొడి, నిమ్మకాయ తొక్కు కట్టి ఇచ్చాను. ఖుద్దూస్ సాబ్ తన చిన్న డబ్బా కెమెరాలో రీలు వేసి ఇచ్చాడు. ఎనిమిది ఫోటోలు పడతాయి. ఒకటి తీయగానే పక్కనున్న చెవి తిప్పాలి, అప్పుడే రెండోదానికి చోటు వస్తుంది. ఇది వైకుంఠం నాకు పదిసార్లు చూపించాడు, వాడికి తెలియక కాదు.

కాచిగూడలో రైలెక్కి, రెండు రైళ్లు మారి షిమోగాలో దిగారు. అక్కణ్నుంచి బస్సులో ఆగుంబె దాటారు. బస్సు దిగాక ఒక పూట నడిస్తే కానుమక్కి అనే పల్లె వచ్చిందట. పల్లె అంటే పదకొండు గుడిసెలు, చుట్టూ అడవి. ఇక అక్కడ జరిగింది వాడి నోటి నుంచి విన్నదే. అయితే ఒకసారి కాదు. ఆ తర్వాత వాడు దాన్ని తిప్పి తిప్పి ఎన్నిసార్లు చెప్పాడంటే, ఇప్పుడు నేను పోయినా ఆ గుడిసెలో పొయ్యి ఎటువైపు ఉందో చూపించగలను.

రెండో రోజే నాచు పట్టిన రాయి మీద జారాడు. చీలమండ బూరెలా వాచింది. అడుగు పడలేదు. వామన్‌రావు సారు వాణ్ని చౌడమ్మ అనే ఆమె గుడిసెలో వదిలి, మిగతావాళ్లను తీసుకుని ఇంకా లోపలికి పోయాడు. ఆరు రోజులకు తిరిగి వచ్చేటప్పుడు వెంట తీసుకుపోతానన్నాడు. చౌడమ్మ మొగుడు కలప కొట్టే పనికి పోయి చెట్టు మీద పడి చనిపోయాడట. పుట్టిన ముగ్గురిలో ఇద్దరు జ్వరాలకు పోయారు. మిగిలింది బెళ్లి ఒక్కతే. మా అలివేలు ఈడు పిల్ల, అయిదేళ్లది.

ఆరు రోజులూ వాన తెరిపి ఇవ్వలేదు. నా సకినాలకు బూజు పట్టింది. పొయ్యి పొగ, తడి కట్టెల వాసన, కాళ్లకు జలగలు. బెళ్లి పొద్దున్నే వచ్చి వాడి కాళ్ల దగ్గర గొంతుకూర్చునేదట. తల్లిదైన సున్నపుకాయలోంచి తనే వేలితో సున్నం తీసి జలగకు అంటించేది. అది ముడుచుకుని రాలిపోయేది. “ఒందు, ఎరడు, మూరు,” అని లెక్కపెట్టి నవ్వేది. మనవాడికి ఆ భాష రాదు, ఆ పిల్లకు మన భాష రాదు. జలగల లెక్క అయ్యాక వానలోకి ఉరికి ఒక ఆకు కోసుకొచ్చేది. వాడు దాని పేరు, ఆ చదువుకున్నవాళ్ల పేరు, నోరు తిరగనిది చెప్పేవాడు. ఆ పిల్ల దాన్ని విరిచి విరిచి అనేది. మళ్లీ ఉరికేది. అలా ఆరు రోజుల్లో నలభై మూడు ఆకులు తెచ్చిందట. మా వాడు నలభై మూడింటినీ ఈనెలతో సహా పుస్తకంలో గీసుకున్నాడు.

గంట దూరం దిగువన ఒక బడి ఉంది. అక్కడి మాస్టరు పేరు మంజప్ప. వారానికి ఒకసారి పైకి వచ్చేవాడు, ఆయనకు కొంచెం హిందీ వచ్చు. ఆరో రోజు ఆయన వచ్చాడు. చౌడమ్మ ఆయనతో ఏదో చాలాసేపు చెప్పింది. ఆయన వైకుంఠానికి తెలియజేశాడు. బడిలో గోడ మీద మాస్టరు తల్లి ఫోటో ఉంది. చౌడమ్మ సీకాయ అమ్మడానికి దిగినప్పుడల్లా దాని ముందు నిలబడుతుంది. ఆమె అన్నది ఇది. నా పెద్దకొడుకు మొహం ఇప్పుడు నాకు గుర్తు రావడం లేదు. రెండోవాడి కళ్లు గుర్తున్నాయి, మిగతాది పోయింది. బెళ్లిదైనా కాగితం మీద ఉండనీ.

రీలులో ఏడు ఫోటోలు అప్పటికే చెట్లకు అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆ గంటలో వాన కూడా కొంచెం ఆగింది. బెళ్లిని గుడిసె ముందు నిలబెట్టాడు. చౌడమ్మను పక్కన నిలబడమంటే సిగ్గుపడి తప్పుకుంది, పిల్ల కదలకుండా భుజం మీద చెయ్యి మాత్రం వేసి ఉంచింది. వైకుంఠం కెమెరా ఎత్తాడు. ఎదురుగా పిల్ల. చేతికి అలవాటైన పని చేతే చేసింది. “ఝూటీ ఫోటో,” అన్నాడు, టక్కుమనిపించాడు. ఆ పిల్ల అదిరి, నవ్వి, తల్లి వైపు తిరిగింది. “ఇప్పుడు సచ్చీ,” అన్నాడు. పిల్ల బుద్ధిగా నిలబడింది. మళ్లీ టక్కుమనిపించాడు.

చెట్లకు ఝూటీ ఫోటో అక్కర్లేదు కదా, అందుకే ఏడూ బాగా వచ్చాయి.

పది రోజుల్లో పంపిస్తానని మాట ఇచ్చాడు. మంజప్ప మాస్టరు పోస్టు చిరునామా రాసి ఇచ్చాడు. వాగు దాకా చౌడమ్మ పిల్లను చంకనేసుకుని వచ్చింది. బెళ్లి ఇంకో ఆకు ఇచ్చింది. నలభై నాలుగోది.

వాడు ఇంటికి వచ్చినప్పుడు చూడాలి. కాళ్ల నిండా మచ్చలు, మనిషి సగమయ్యాడు, నోరు మాత్రం ఆగలేదు. అలివేలుకు ఒందు, ఎరడు నేర్పాడు. రెండు రోజుల తర్వాత రీలు కడిగాక దుకాణం నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుండిపోయాడు.

“ఏమాయెరా?”

“డబ్బా కెమెరాల మూత ఉండదక్కా. టక్కుమంటే పడ్డట్టే. రెండూ ఒక్క దాని మీదనే పడ్డయి.”

చూపించాడు. పిల్ల కాళ్లు, బురద, నడుముకు చుట్టిన గుడ్డ, వెనక గడ్డి కప్పు, అన్నీ కనబడుతున్నాయి. చౌడమ్మ రెండుసార్లూ కదలకుండా ఉన్నది కాబట్టి ఆమె చెయ్యి మరీ స్పష్టంగా పడింది. మణికట్టుకు ఒక కంచు కడియం, దానికి ఒకచోట నొక్కు. మొహం ఉండాల్సిన చోట మాత్రం, ఇటు తిరిగింది ఒకటి, అటు తిరిగింది ఒకటి కలిసి, తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంది.

“చెడిపోయిందని రాసెయ్యి,” అన్నాను.

“ఏమని రాయాలె? వచ్చే దసరాకు మళ్ల పోత. మళ్ల తీస్త. గప్పుడు ఇస్త.”

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. నేనైనా గట్టిగా పట్టుకుని రాయించానా? లేదు. ఇంటిపనిలో పడి మరిచిపోయాను. ఎక్కడి కానుమక్కి, ఎక్కడి చౌడమ్మ అనుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను.

ఫిబ్రవరిలో మంజప్ప మాస్టరు ఇంగ్లీషులో రాసిన ఉత్తరం వచ్చింది. వైకుంఠం గడప దగ్గరే నిలబడి చదువుకున్నాడు. అయ్యాక ఇంకోసారి చదివాడు. నేను బియ్యం ఏరుతూ, “ఎవరు రాసిన్రు?” అన్నాను.

“బెళ్లి చచ్చిపోయిందక్కా. జ్వరమొచ్చిందంట. మూడొద్దులే ఉన్నదంట.”

ఇంకేం రాశారని అడిగాను. చౌడమ్మ ఫోటో కోసం అడుగుతోందట. వారానికి ఒకసారి పోస్టు వస్తుంది, ఆ రోజు ఆమె అడవి దిగి వచ్చి బడి మెట్ల మీద కూర్చుంటోందట. దయచేసి త్వరగా పంపగలరు, అని రాశాడు మాస్టరు.

ఇక అక్కణ్నుంచి మా ఇంట్లో మొదలైంది నరకం. కాలేజీ లేని పూటలన్నీ వాడు కిటికీ దగ్గర ఆ నెగటివు పట్టుకుని కూర్చున్నాడు. ఒక మొహాన్ని చెరిపి ఇంకొకటి ఉంచుదామని చూశాడు. చెరిపితే రెండూ పోతున్నాయి. కాగితం మీద గీద్దామని చూశాడు. గీసి గీసి పడేసిన కాగితాలు నేను పొయ్యిలోకి వాడుకున్నాను. ప్రతి కాగితం మీదా ఒక కొత్త పిల్ల. ఒక్కటీ ఇంకోదానిలా లేదు.

“అక్కా, ముక్కు చప్పిడిగ ఉండెనా?”

“నన్నడుగుతవేందిరా? నేను చూసిన్నా?”

“సున్నం అంటిచ్చిన ఏలు యాదికున్నది. గోరు మీద తెల్ల మచ్చ యాదికున్నది. నవ్వు ఇనవడుతున్నది. మొహం వస్తలేదు.”

“ఆరొద్దులు ఎదురుంగ కూసున్న పిల్లను చూడకపోతివా?”

“ఆకు తెచ్చేది అక్కా. నేను ఆకు చూసేటోన్ని.”

ఆ మాట అన్నాక వాడు ఏడ్చాడు. ఇరవై ఏళ్ల మగపిల్లాడు, మా వంటింట్లో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడ్చాడు. నాకు జాలి వేసింది, చిరాకూ వేసింది. ఏం చేయగలను? నేను చూడని పిల్లను నేను గుర్తు చేయలేను కదా.

వెంట పోయిన అయిదుగురినీ అడిగాడు. వాళ్లు ఆ పిల్లను చూసిందే ఒక్క పూట. “నల్లగుండె” అన్నాడొకడు, “లే, చామనచాయ” అన్నాడు ఇంకొకడు. వామన్‌రావు సారు ఎంతో మర్యాదగా తన నోటుపుస్తకం తీసి చూపించాడట. అందులో కానుమక్కి పేరు కింద రెండు పేజీల మొక్కలున్నాయి. ఖుద్దూస్ సాబ్ అన్నీ విని, “సచ్ లిఖ్ దో బేటా. ఉన్నదున్నట్టు రాసెయ్,” అన్నాడు. అది పెద్దమనిషి మాట. అప్పుడైనా విని ఉంటే బాగుండేది. ఏప్రిల్‌లో మాస్టరు నుంచి ఒక కార్డు వచ్చింది. అందులో ఒకటే మాట. ఆమె ఇంకా కూర్చుంటోంది.

ఆ వారమే వైకుంఠం నన్ను అడిగాడు. “అలివేలును ఒక్క ఫోటో తీస్తనక్కా.”

అమ్మయ్య, వీడు మామూలు మనిషి అవుతున్నాడు అనుకున్నాను. తలకు నూనె పెట్టి దువ్వబోతే, “దువ్వకు, గట్లనే ఉండనీ,” అన్నాడు. కొత్త గౌను తీస్తే వద్దన్నాడు. “చింపిరి జుట్టుతోని ఫోటో ఏందిరా, నలుగురు నవ్వుతరు,” అని లొల్లి పెట్టాను. దాబా మీదికి తీసుకుపోయి ఖుద్దూస్ సాబ్ పెద్ద కెమెరాతో తీశాడు. దొంగ ఫోటో తీయలేదని అలివేలు అలిగింది కూడా. ఆ పిల్లకు అదే సరదా.

వారం తర్వాత వాడి బల్ల దులుపుతుంటే పుస్తకంలోంచి ఒక ఫోటో జారింది. నా కూతురు. నేను కుట్టని గుడ్డ చుట్టుకుని, నేను ఎరగని గుడిసె ముందు, బురదలో ఉత్త కాళ్లతో నిలబడి ఉంది. భుజం మీద కంచు కడియం వేసుకున్న ఎవరిదో చెయ్యి. అతుకు ఎక్కడా కనబడలేదు. వాడు వచ్చేదాకా దాన్ని పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

“ఏందిరా ఇది?”

“ఇంకోటి పోస్టు చేసినక్కా. నాలుగొద్దులాయె.”

“బతికున్న పిల్లను సచ్చిన పిల్ల జాగల నిలవెట్టినవా? నీకు చెయ్యెట్లొచ్చింది?”

“ఆమె మెట్ల మీద కూసుంటున్నదక్కా.”

“కూసుంటే? నా బిడ్డను చూపెడ్తే లేచి పోతదా?”

“నాకేం శాతకాలేదు,” అన్నాడు. “నాకేం శాతకాలేదక్కా.”

మా ఆయన స్టేషను నుంచి వచ్చి, “పోనీ, అయిందేదో అయింది. కాయిదమే కదా,” అన్నాడు. నేను ఆయన మీదా లేచాను. ఉప్పు, మిరపకాయలు తీసి అలివేలుకు దిష్టి తీశాను. ఆ రోజు నుంచి వైకుంఠంతో మాట్లాడటం మానేశాను. కంచం పెట్టేదాన్ని, నీళ్లు పెట్టేదాన్ని. మాట లేదు. నేను ఒక పట్టు పడితే అది మా బాపు వచ్చి చెప్పినా వదలను.

జూన్‌లో అలివేలుకు తట్టు పోసింది. ఒళ్లంతా ఎర్రగా, కళ్లు తెరవలేని జ్వరం. ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి, పిల్ల పక్కన కూర్చున్నాను. తట్టుకు మందు లేదు, దానంతట అది పోవాల్సిందే అన్నారు అందరూ. వేపాకుతో విసరడం, కొబ్బరినీళ్లు చుక్క చుక్క పోయడం, అంతకుమించి నా చేతిలో ఏమీ లేదు. వైకుంఠం గది గడప అవతల నిలబడి లోపలికి చూసేవాడు. నేను రమ్మనలేదు. మూడో రోజు జ్వరం బాగా ఎక్కువైనప్పుడు నెలన్నర తర్వాత వాడితో మొదటి మాట మాట్లాడాను.

“నీ ఫోటోనే నా బిడ్డను తింటున్నది.”

అనకూడని మాట. అన్నాను.

అయిదో రోజు పోస్టు వచ్చింది. మందపాటి కవరు, మంజప్ప మాస్టరు చేతిరాత. వైకుంఠం దాన్ని చించకుండా అలాగే పట్టుకు నిలబడితే నేనే లాక్కుని చించాను. అలివేలు ఫోటో కింద పడింది. చనిపోయిన పిల్ల ఇంటి నుంచి, నా పిల్ల మంచంలో ఉన్న రోజున, సరిగ్గా మా గడపలోకి తిరిగొచ్చింది. పొయ్యిలో పెట్టబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపి, “ముందుగాల ఏం రాసిన్రో ఇను,” అన్నాడు.

వైకుంఠం తెలుగులో చెప్పుకుంటూ చదివాడు.

“ఫోటో అందింది. చౌడమ్మ చాలాసేపు చూసింది. ఈ పిల్ల నా బెళ్లి కాదు అన్నది. కానీ చెయ్యి నాదే అన్నది, కడియం నొక్కు చూపించింది. ఫోటోలు మీ పట్నంలో తయారవుతాయి కదా, అక్కడ ఇద్దరు పిల్లలవీ కలిసిపోయి ఉంటాయని ఆమె అనుకుంటోంది. తన చెయ్యి ఈ పిల్ల భుజం మీదికి వచ్చిందంటే, ఈ పిల్ల తల్లి చెయ్యి బెళ్లి భుజం మీద ఉండి ఉంటుందట. ఆ తల్లి కూడా ఎక్కడో మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తూ ఉంటుంది, పాపం, ముందు ఆమె పిల్లను ఆమెకు పంపెయ్యండి అన్నది. అందుకే తిరిగి పంపుతున్నాను. ఆ తల్లిని అడిగి బెళ్లిని పంపించమన్నది. ఆమె మంచిదే అయి ఉంటుంది, పంపుతుంది అన్నది.”

వాడు చదవడం ఆపాడు. లోపల అలివేలు మూలిగింది.

ఆ తల్లిని నేనే కదా. నా పిల్లను నాకు పంపింది. నేను ఆమె పిల్లను పంపాలి. నా దగ్గర ఏముంది పంపడానికి? ఇల్లంతా వెతికినట్టు చూశాను, నిజంగానే. పిచ్చిదానిలా వాడి బల్ల మీదికి, గోడల మీదికి చూశాను, ఎక్కడో ఆ పిల్ల ఉన్నట్టు, నేనే దాచిపెట్టినట్టు. నెలన్నర దాచుకున్న కోపం ఎటు పోయిందో పోయింది. వాడు రెండు నెలలు కిటికీ దగ్గర కూర్చుని ఏం వెతికాడో అప్పుడు తెలిసింది నాకు.

“ఆ చెడిపోయిన ఫోటో ఉన్నదా?” అని అడిగాను.

“ఉన్నది.”

“తియ్యి. దాన్నే పంపుదాం. జరిగింది జరిగినట్టు రాయి. ఝూటీ ఫోటో సంగతి, నువ్వు మొహం మరిచిపోయిన సంగతి, అలివేలు సంగతి, అన్ని రాయి. దాసిపెట్టి ఏం చేసుకుంటవ్?”

“మొహం లేదు గదక్కా దాంట్ల. ఆమె ఎట్ల తట్టుకుంటది?”

“నాకు తెల్వదు. నువ్వు రాయి.”

అలివేలు పక్కన కూర్చునే వాడు ఆ ఉత్తరం రాశాడు. నేను రమ్మన్నాను, వచ్చాడు. రాసినంతసేపూ ఒక చేత్తో పిల్లకు వేపమండతో విసురుతూనే ఉన్నాడు. నలభై నాలుగో ఆకును, బెళ్లి వాగు దగ్గర ఇచ్చినదాన్ని, పుస్తకంలోంచి తీసి కవరులో పెట్టాడు. ఆ చెదిరిన ఫోటోను మాత్రం నా చేత్తో నేనే పెట్టాను. ఎనిమిదో రోజుకు అలివేలు కళ్లు తెరిచి అన్నం అడిగింది.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. కార్డు, ఒకటే వరుస. “ఆమె ఇప్పుడు మెట్ల మీదికి రావడం లేదు.” అంతే. ఆ తుడిచేసిన పలకలో తన పిల్లను చూసుకుని, చాలు అనుకుని రావడం లేదా? లేక ఇక ఎవరూ ఏమీ పంపరని తెలిసి రావడం లేదా? ఇంకో ఉత్తరం రాశాం. దానికి జవాబు రాలేదు. మంజప్ప మాస్టరుకు బదిలీ అయిందని ఆ తర్వాత రాసిన ఉత్తరం మాకే తిరిగి వచ్చింది.

వైకుంఠం చదువు పూర్తి చేశాడు. ఖుద్దూస్ సాబ్ ఎంత బతిమాలినా మళ్లీ పెన్సిలు పట్టలేదు. ఇప్పుడు ఒక కాలేజీలో ఎండిన మొక్కలను అట్టల మీద అంటించి పేర్లు రాసే ఉద్యోగం చేస్తున్నాడు. కానీ ఒక కొత్త అలవాటు వచ్చింది. ఎవరు ఎదురైనా వాళ్ల మొహం వంక అలా చూస్తూ ఉంటాడు, రెప్ప వేయకుండా, అవతలివాళ్లకు ఇబ్బంది అయ్యేదాకా. పాలు పోసే అంజన్న నన్ను చాటుగా అడిగాడు, “మీ తమ్మునికి నా మీద ఏమన్న కోపమా అమ్మా?” అని. లేదన్నాను. అంతసేపు చూసినా మర్నాడు అంజన్నను మళ్లీ గుర్తుపట్టడు.

చౌడమ్మ తిప్పి పంపిన ఆ అలివేలు ఫోటో మా ఇంట్లోనే ఉంది. పొయ్యిలో పెట్టలేదు. పెట్టె అడుగున పట్టుచీర మడతలో దాచాను. అలివేలుకు ఇప్పుడు ఎనిమిదేళ్లు, ఏ పెట్టె తీసినా పక్కన ప్రత్యక్షమవుతుంది.

“అమ్మా, గీ ఫోటోల చెయ్యి నీదా?”

“నాది గాదు.”

“మరి ఎవరిది?”

“మీ మామనడుగు,” అంటాను. వాడు ఇంట్లో ఉంటే లేచి బయటికి పోతాడు.